అత్త గాలించిన ఇసుక

మా అత్త వెంకటలక్ష్మమ్మకు ఈ లోకంలో గిట్టనిది ఒక్కటే ఉండేది. అది ఇసుక.

బద్వేలులో వాళ్లది కిరాణా అంగడి. పోరుమామిళ్ల నుంచి పదహారేళ్లకు కాపురానికి వచ్చిన ఆమెకు, వచ్చిన నాలుగో రోజే అంగడి వెనక వసారాలో ఒక చాట, రెండు తపేలాలు ఇచ్చి, ముందర కందిపప్పు బస్తా విప్పి కూర్చోబెట్టారట. ఆ తర్వాత నలభై రెండేళ్లు ఆమె పని అదే. ధనియాల్లో మట్టిబెడ్డలు, ఆవాల్లో దుమ్ము, బియ్యంలో రాళ్లు. బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి ఒక్క గుప్పెడు తీసి, అరచేతిలో అటూ ఇటూ దొర్లించి, సరుకు ఉంచుకోవాలో తిప్పి పంపాలో చెప్పేసేది. ఒకసారి లారీ సగం దించాక మిగతా సగం దించవద్దన్నదట. మామ గింజుకున్నాడు, మిల్లు వాళ్లు అరిచారు, ఆమె మాత్రం చాట పక్కన పెట్టి లోపలికి వెళ్లి తాంబూలం వేసుకుంది. లక్ష్మమ్మ అంగడి బియ్యం కళ్లు మూసుకుని ఎసట్లో పోయొచ్చని బద్వేలులో అనేవారు.

ఇక్కడ గాలించడం గురించి ఒక్క ముక్క చెప్పాలి. మిల్లుల్లో రాళ్లు తీసే యంత్రాలు వచ్చాక ఈ కాలం పిల్లలకు ఆ మాటే తెలియడం లేదు. తపేలాలో బియ్యం పోసి, నిండా నీళ్లు పోసి, రెండు చేతులతో పట్టుకుని గుండ్రంగా ఊపుతూ, పైకి లేచిన బియ్యాన్ని నీళ్లతోపాటు పక్క తపేలాలోకి జార్చాలి. బరువైన రాళ్లు అడుగున నిలిచిపోతాయి. ఒంపింది వంటకు, అడుగున మిగిలింది పెరట్లోకి. మా అత్త అది చేస్తుంటే నీళ్ల చప్పుడు కూడా ఒకే లయలో వినిపించేది.

నేను కోయిలకుంట్ల పిల్లను. మా పుట్టింటి వాళ్లు ఏటా పంటకాలం కాగానే రెండు బస్తాల బియ్యం పంపుతారు. ఊరి చిన్న మిల్లులో ఆడించిన బియ్యం కాబట్టి అందులో రాళ్లు ఉంటాయి, లేవని నేను అబద్ధం చెప్పను. పెళ్లయిన కొత్తలో నేను ఏరి వండిన అన్నంలో మా అత్త పంటి కింద ఒక రాయి పడింది. ఆమె తిట్టలేదు. ఆ రాయిని కడిగి, పాత కుంకుమ భరిణెలో వేసి మూత పెట్టింది. పద్నాలుగేళ్లలో ఆ భరిణెలో ఇరవై మూడు రాళ్లు చేరాయి. ఎవరైనా చుట్టాలొస్తే, "ఇవి మా కోడలి పుట్టింటోళ్లు పెట్టిన నగలు" అని చూపించేది. నవ్వుతూనే చూపించేది గానీ, ఆ భరిణె గలగల విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

మామ పోయాక బద్వేలు అంగడి మూసేసి మా దగ్గరకు, కడపకు వచ్చేసింది. మా ఆయన శివప్రసాద్‌కు పప్పుబెల్లాల వ్యాపారం మీద మొదటినుంచీ మనసు లేదు. ఎర్రముక్కపల్లిలో కింద అంగడి, పైన ఇల్లు ఉన్న చోట రంగు చేపల అంగడి పెట్టాడు. కోడిగుడ్డు కూడా ఇంట్లోకి రానివ్వని మేం చేపలు అమ్మడం వీధి మొత్తానికీ తమాషా అయింది. "శెట్లు చేపలంగడి పెట్టినారంట" అని ఎదురింటి యశోద నెలరోజులు నవ్వింది. ఒకాయనైతే సంచి పట్టుకొచ్చి, గాజుతొట్టిలోకి తొంగిచూసి, "కేజీ ఎంతప్పా?" అని అడిగాడు. మా అత్త అప్పుడు మెట్ల మీదే ఉంది. ఆ పూట ఆమె కాఫీ కూడా తాగలేదు.

మామూలు చేపలతో మా ఆయనకు ఇబ్బంది లేదు. ఆయన పట్టుదలంతా ఉప్పునీళ్ల తొట్టి మీద. సముద్రం నెల్లూరు అవతలెక్కడో ఉంటే, ఈయనకు అది మా హాల్లో కావాలి. నిరుడు ఒకసారి పెట్టాడు. ఎర్రగుంట్ల వైపు నుంచి సున్నపురాయి నూక తెప్పించి అడుగున పరిచాడు. బియ్యపు నూకలాగే ఉంటుంది, తెల్లగా, ముక్కముక్కలుగా. మద్రాసు నుంచి బొటనవేలంత పసుపుపచ్చ చేపను తెచ్చి వదిలాడు. మూడో రోజుకు అది నీళ్ల మీద తేలింది. పొట్ట కింద గీతలు గీతలుగా గీరుకుపోయి ఉంది. తొట్టిలో నీళ్లు తిప్పే పంపులో చిక్కుకుందని మా ఆయన తేల్చేశాడు. మా అత్త దాన్ని కరివేపాకు చెట్టు కింద పూడ్చి, తలస్నానం చేసింది.

ఈసారి కార్తీకమాసంలో మా ఆయన మూడు గిన్నెలు తెచ్చి ఆమె ముందర పెట్టాడు. ఒకదాంట్లో పెన్న ఇసుక. ఒకదాంట్లో నిరుడు మిగిలిన సున్నపురాయి నూక. మూడోదాంట్లో మద్రాసు నుంచి వచ్చిన పగడాల ఇసుక, రెండు పెద్ద సంచుల్లోంచి తీసిన నమూనా.

"ఏందిరా ఇది, ఇంట్లోకి ఇసుక తెచ్చినావు?" అంది అత్త.

"తొట్టి అడుగున పరచాల మా. ఏది మంచిదో నువ్వు జూడు. నీ చేతికి తెలిసినట్ల ఎవురికీ తెలీదు."

"నా చేతికి తెలిసేది పారేసేదానికిరా. పెట్టుకునేదానికి గాదు."

అన్నదే గానీ చెయ్యి అప్పటికే గిన్నెలోకి వెళ్లిపోయింది. బద్వేలు వదిలాక ఆమెను సలహా అడిగినవాళ్లు ఎవరూ లేరు. అది నాకు ఆ క్షణంలో తట్టి, నా మీద నాకే సిగ్గేసింది.

మా ఆయన వివరించాడు. నిలవుండేకొద్దీ ఉప్పునీళ్లు పులుస్తాయి. అడుగున గవ్వల పొడో పగడాల పొడో ఉంటే ఆ పులుపును అది విరుస్తుంది.

"పులుపును విరిచేది సున్నం గదరా. దానికింత కథ యెందుకు? ఏమ్మే పద్మా, ఒక నిమ్మకాయ కొయ్యి" అని నాకు పురమాయించింది అత్త.

మూడు గిన్నెల్లోనూ తలా నాలుగు చుక్కలు పిండింది. పెన్న ఇసుక మిలమిల మెరుస్తూ ఉలకలేదు, పలకలేదు. దాన్ని పక్కకు నెట్టింది. నూక సుయ్యిమని నురగ కక్కింది. పగడాల ఇసుకా అంతే.

"అయితే నూకే చాలు మా. ఇంట్లోనే ఉండాది, లావుగా ఉండాది, పంపు తిరిగినా లేయదు" అన్నాడు మా ఆయన సంబరంగా.

అత్త గుప్పెడు నూక తీసి మోచేతి లోపలి మెత్తటి చోట పోసుకుని రుద్దింది. ఎర్రటి గీతలు పడ్డాయి.

"ఇది గుచ్చుకుంటాదిరా."

"చేప ఏమన్నా దాని మీద పొర్లుతాదా మా? నీళ్లల్లో ఈదుతాది గానీ."

"పొర్లదని నీతో చెప్పిందా? పోయినేడు దాని పొట్ట నేను చూసినా. ప్రాణమున్న దానికి తగిలేది ఏదైనా మెత్తగా ఉండాల. మద్రాసుదే ఎయ్యి."

అలా పగడాల ఇసుక ఖాయమైంది. దాన్ని కడిగే పని కూడా ఆమే తీసుకుంది. మరుసటి రోజు పొద్దున పెరట్లో ఎండ పడే చోట పీట వేసుకుని, రెండు తపేలాలు, రెండు బకెట్లు ముందర పెట్టుకుని కూర్చుంది. నేను పక్కనే బట్టలు ఆరేస్తున్నాను. మళ్లీ ఆ నీళ్ల చప్పుడు, అదే లయ. అరవై ఎనిమిదేళ్ల మనిషి ముఖం చూస్తే కొత్తకోడలు ముగ్గు వేస్తున్నట్టుంది. పదకొండు గంటలకు మా ఆయన వచ్చి బకెట్లో చెయ్యి పెట్టాడు.

"మిగతాది యాడ మా?"

"మిగతాది యేముంది? అడుగున రాళ్లు శానా వచ్చినాయి. చెట్టు పాదులో పోసినా."

కరివేపాకు పాదులో తెల్లటి కుప్ప. గవ్వముక్కలు, పగడపు తునకలు, లావు గింజలు, అన్నీ బురదలో కలిసిపోయి ఉన్నాయి. మా అత్త ఒంపింది ఉంచుకుని, మిగిలింది పారబోసింది. నలభై రెండేళ్లుగా చేసినట్టే చేసింది. పక్కనే నిలబడి చూసిన నాకూ అందులో తప్పేమీ కనిపించలేదు. నా చేతులకూ అదే అలవాటు. సగానికి సగం ఇసుక పోయింది.

మా ఆయన తల పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు. "కావాల్సింది ఆ లావుదే మా! ఈ సన్నది పిండి మాదిరి ఉండాది. ఇది లేస్తే చేప మొప్పల్లోకి పోతాది. ఊపిరాడక చస్తాది."

అత్త తడిచేతుల వైపు చూసుకుంది. "అలవాటు పడిన చెయ్యిరా ఇది" అంది మెల్లగా. ఆమె అంతగా చిన్నబోవడం నేను ఎప్పుడూ చూడలేదు. బురదలో కలిసిన దాన్ని ఏరి తెచ్చే మార్గం లేదు కాబట్టి ఉన్న మెత్తటి ఇసుకనే తొట్టిలో పోశారు. మూడు వేళ్ల మందం వచ్చింది. నాలుగు రోజులు నీళ్లు పాలలా ఉండి, తర్వాత తేటబడ్డాయి. చేపను వదలకముందు నీళ్లు నెలన్నర తిరగాలట. ఆ నెలన్నరా మా అత్త రోజూ తొట్టి ముందర నిలబడి, ఇసుక లేస్తుందేమోనని చూసేది. అది కదల్లేదు.

పుష్యమాసం చలిలో ఒక పొద్దున మద్రాసు బస్సులో చేప వచ్చింది. నిరుడు తెచ్చిన జాతే. సంచిలోంచి తొట్టిలోకి జారి ఒక చుట్టు తిరిగేసరికి మా అత్త, "అబ్బ, పసుపుకొమ్ము మాదిరి ఉండాదే" అంది. ఆ పేరే నిలిచిపోయింది. పావుగంట సేపు ముగ్గురమూ కళ్లార్పకుండా చూశాం. ఆమె కళ్లద్దాలు తెచ్చుకోవడానికి లోపలికి వెళ్లింది. నేను పొయ్యి మీది పాలు దించడానికి వెళ్లాను. మా ఆయన్ను కింద అంగడి నుంచి ఎవరో పిలిచారు. తిరిగి వచ్చేసరికి తొట్టిలో చేప లేదు.

మొదట నవ్వుకున్నాం. తొట్టిలో పెట్టిన రాయి వెనక ఉంటుందనుకున్నాం. లేదు. పంపు విప్పి చూశాం, లేదు. ఎగిరి బయట పడిందేమోనని సోఫా జరిపాం, మంచం కింద టార్చి వేశాం. మా అత్త మోకాళ్ల మీద వంగి గోడ వారంతా చీమల బారు వెతికింది. చీమలు కూడా లేవు. సాయంత్రానికి మా ఆయన నోరు జారనే జారాడు.

"ఆ పిండి ఇసుక మొప్పల్లోకి పోయింటాది. యాడో అడుగున పడిపోయింటాది."

అత్త వింటోంది. ఆయనకు ఆమె వింటోందని తెలుసు. ఆ మాటకు నేను ఆయనతో రెండు రోజులు సరిగా మాట్లాడలేదు.

మా అత్త ఏడవలేదు, గొడవా చేయలేదు. దీపం పెట్టే వేళకు, "ఏమ్మే, నువ్వు పెట్టు" అంది. ఎందుకని అడిగితే, "నా చేతి మీద ఒక ప్రాణి పోయింది. ఈ చేత్తో దీపమెట్ల పెట్టేది?" అంది. అన్నానికి పిలిస్తే మజ్జిగ చాలంది. చాట ముట్టుకోలేదు. బియ్యం నేనే ఏరుకున్నాను. జీవితమంతా ఎవరి పంటి కిందా రాయి పడకుండా కాపలా కాసిన మనిషి, తన వల్ల ఒక నోరులేని జీవి ఊపిరాడక పోయిందని నమ్మేసింది. ఎవరెన్ని చెప్పినా ఆమె చెవికెక్కలేదు. మా ఆయన తొట్టిలో ఇసుక తవ్వి చూస్తానంటే మాత్రం కసిరింది. "వద్దు. చచ్చినదాన్ని తవ్వి తీసేది నేను చూడలేను."

మూడో రోజుకు నాకు భయం పట్టుకుంది. చేప కోసం కాదు. మజ్జిగ మీద మూడు రోజులు ఉంటే ఈ వయసులో ఆమె ఏమవుతుందోనని. మద్రాసులో చేపలు పంపే పరమేష్‌కు ఫోన్ చెయ్యమంటే మా ఆయన చెయ్యడు. నిరుడు ఒకటి చంపిన మొహం పెట్టుకుని మళ్లీ ఎలా అడగాలని ఆయన బాధ. చివరకు నేనే నంబరు వెతికి చేశాను. పరమేష్‌ది మంత్రాలయం వైపు, మద్రాసులో పదేళ్లుగా ఉన్నా మాట మారలేదు.

"చేప కనపడలేదాక్కా? ఇసుక ఎట్లాంటిది ఏసినారు?"

"సన్నది. పిండి మాదిరి ఉంటుంది" అన్నాను.

"ఎవరు చెప్పినారక్కా మీకు? శానా మంచి పని జేసినారు! అది ఇసుకలో దూరి పండుకునే చేప. రోజూ పొద్దుగూకితే దూరుతాది. కొత్త తావుకు వస్తే బెదురుకోని మూడు దినాలో, ఐదు దినాలో లోపల్నే ఉంటాది. మీరు కెలకొద్దండి. గుచ్చుకునే ఇసుక అయితే దూరేటప్పుడు పొట్ట చీరుకుంటాది, ఇంక బతకదు. ఔనూ, పోయినేడు ఏమేసినారు?"

మా ఆయన పక్కనే నిలబడి అంతా విన్నాడు. గోడకు ఆనుకుని నేల చూపులు చూశాడు. నిరుడు చేపను చీరింది పంపు కాదు, ఆయన తెచ్చిన నూక.

పరుగున వెళ్లి అత్తకు చెప్పాను. ఆమె నా చెయ్యి నిమిరి, "నా మనసు కుదుటపడాలని చెప్తాండావు. నువ్వు మంచిదానివే" అంది. పద్నాలుగేళ్లలో మొదటిసారి నన్ను మెచ్చుకుంది, అదీ అబద్ధమాడుతున్నానని! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నాలుగో రోజు పొద్దున ఎనిమిది గంటలకు వంటింట్లో ఉన్నాను. ఆ వేళకు తూర్పు కిటికీలోంచి ఎండ సరిగ్గా తొట్టి మీద పడుతుంది.

"ఏమ్మే! పద్మా! పద్మమ్మా!"

ఆ కేకకు చేతిలో గరిటె అక్కడే పడేసి పరుగెత్తాను. అత్త తొట్టి ముందర నేల మీద చతికిలబడి ఉంది. ఇసుక ఒక చోట ఉడికే గంజిలా చిన్నగా కదిలింది. ఒక పసుపుపచ్చ మూతి బయటికొచ్చింది. అటూ ఇటూ చూసింది. మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. ఇంకాసేపటికి తల, ఆ తర్వాత ఒళ్లంతా, ఒక్క విదిలింపుతో పైకొచ్చేసింది. పొట్ట కింద ఒక్క గీత లేదు. రాయి చుట్టూ తిరిగి, అద్దం దగ్గరకొచ్చి, మా అత్త ముఖం ఎదుట ఆగింది.

అత్త రెండు చేతులతో ముఖం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ ఏడుపు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నాలుగు రోజులుగా గుండె మీద పెట్టిన తిరగలి రాయిని ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. మా ఆయన నోట్లో పళ్లు తోముకునే బ్రష్‌తోనే వచ్చి, చేపను చూసి, తల్లి పక్కన కూర్చున్నాడు.

"మా, పోయినేడు చంపింది నేనే మా. ఈసారి నువ్వు గుచ్చుకుంటాదంటే గూడా నేను..."

"తెలిసి చేసినావా?" అంది అత్త, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

"లేదు మా."

"మరి? నోరు కడుక్కో పో, నురగ కారతాండాది."

ఆమె స్నానం చేసి వచ్చి తానే దీపం పెట్టింది. పన్నెండు గంటలకు ముందే ఆకలన్నది. కందిపప్పు, గోంగూర, నెయ్యి వేసి పెట్టాను. ఆమె ముద్ద కలుపుకుంటుంటే చూస్తూ నిలబడ్డాను, ఆ చూడటంతోనే నా కడుపు నిండింది. రెండో ముద్ద, మూడో ముద్ద.

నాలుగో ముద్దలో కటక్కుమంది.

బియ్యం ఏరింది నేను, అవి మా కోయిలకుంట్ల బియ్యం, నాలుగు రోజుల తర్వాత ఆమె తింటున్న మొదటి అన్నం. అత్త నమలడం ఆపింది. రాయిని అరచేతిలోకి తీసుకుంది. నేను భరిణె ఉన్న అలమరా వైపు చూశాను, ఇరవై నాలుగు అనుకున్నాను.

ఆమె ఆ రాయిని రెండు వేళ్ల మధ్య పెట్టి రుద్దింది. మోచేతి లోపల గీసి చూసుకుంది. తల అడ్డంగా ఊపింది.

"గుచ్చుకుంటాది. మన పసుపుకొమ్ముకు పనికిరాదు" అంది. రాయిని కిటికీలోంచి పెరట్లోకి విసిరేసి, "ఇంకొంచెం పప్పు ఎయ్యమ్మే" అని కంచం ముందుకు జరిపింది.